దాలినాయుడి ఇరవై రెండు గంటలు

అనకాపల్లి దగ్గర నర్సాపాలెంలో దాలినాయుడి ఇంట్లో ఉండేది ముగ్గురే గానీ, తెలివి మాత్రం ముప్పై మందికి సరిపడా ఉందని ఆ ముగ్గురి నమ్మకం. "మనకి ఒక్క మాట చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేవాడు దాలినాయుడు. "అందుకే మనకి ఎవరూ రెండోసారి పని చెప్పరు" అనేది ఆయన పెళ్ళాం నూకరత్నం, గర్వంగా. కూతురు హైమ అవునన్నట్టు తలూపేది.

హైమ నోరు విప్పేది కాదు మరి. తండ్రిలాగే ఆ పిల్లకీ ముందుపళ్ళు ఎత్తు, పైగా ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. పని చేసేదేమో ఫోటో స్టూడియోలో. మూతి బిగించుకుని "నవ్వండి" అంటే వచ్చినవాళ్ళూ మూతి బిగించుకునేవారు. పెళ్ళి ఫోటోలు కూడా పరామర్శకి వెళ్ళినప్పుడు తీసినట్టుండేవి. చివరికి యజమాని, "అమ్మాయ్, ముందు నువ్వు నవ్వడం నేర్చుకో, అప్పుడు రా" అనేశాడు. ఆ మాటకి హైమ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

ఇంకేముంది, తండ్రీకూతుళ్ళు పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళారు. ఆవిడ హైమ పళ్ళకి తీగలు బిగించింది. దాలినాయుడు బెల్లం మార్కెట్లో వేలం పాడే మనిషి కాబట్టి, ఆయనకి తీగలకి బదులు పళ్ళకి తొడుక్కునే, అద్దంలాంటి పల్చటి తొడుగులు ఇచ్చింది.

"గట్టివి కొరికితే తీగ ఊడిపోతుందమ్మా, కొన్నాళ్ళు నోరు కట్టుకోవాలి" అంది హైమతో. తండ్రి వైపు తిరిగి, "ఇవి పెట్టుకుంటే అసలు కనబడవు. రోజుకి ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి" అంది.

అంతే. ఇంటికొచ్చి ఆ మాటలు చెప్పగానే నూకరత్నం తువ్వాలు తెచ్చి కూతురి నోరు కట్టేసింది. అసలే పళ్ళు ఒకటే సలుపు. హైమ "ఊఁ, ఊఁ" అంది. "ఇంకా బిగించాలా తల్లీ?" అని ఇంకో ముడి వేసింది నూకరత్నం.

దాలినాయుడు తొడుగులు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. "ఓసే, నేను కనబడుతున్నానే!"

"నీకు నువ్వు కనబడతావు, ఊరికి కనబడవు. డాక్టరమ్మ అబద్ధం చెబుతుందా?"

"మరి ఇరవై రెండు గంటలు ఎందుకే?"

"ఆ మాత్రం తెలీదా? కనబడని మనిషిని బండి గుద్దెయ్యదూ? గంటలు మోగితే తప్పుకుంటారు!"

అమ్మ తెలివికి హైమ కళ్ళు చెమర్చాయి. ఊరంతా తిరిగి ఎడ్ల గంటలు, మేకల గంటలు పోగేస్తే ఇరవై ఒకటి తేలాయి. ఇరవై రెండోదానికి హైమ తన సైకిల్ బెల్లు విప్పి ఇచ్చింది. "కనబడని మనిషికి చొక్కా, పంచె ఎందుకు, ఉతుకుడు దండగ" అంది నూకరత్నం. అలా చారల నిక్కరు మీద, నడుం చుట్టూ గంటలతో దాలినాయుడు మార్కెట్‌కి బయల్దేరాడు. వెనకాల నోరు కట్టుకున్న హైమ.

మార్కెట్టంతా లేచి నిలబడింది. "నాయుడుగారూ, ఇదేం వేషం?" అన్నాడు కాటా మనిషి.

"చప్పుడుని బట్టి పోల్చేశాడే, గట్టివాడు!" అని కూతురి చెవిలో మెచ్చుకుని, దాలినాయుడు వేలం మొదలెట్టాడు. తొడుగులతో నాలుక తిరగలేదు. "సరుకు చూడండి" అనబోతే "తరుకు తూడండి" అని వచ్చింది. జనం పొట్టలు పట్టుకున్నారు. ఇంతలో గంటల చప్పుడు విని, తమ జతగాడేమోనని రెండు ఎడ్లు ఆయన వెనకాలకొచ్చి నిలబడ్డాయి. హైమ చూసింది. చెబుదామంటే నోరు కట్టుంది! "ఊఁ, ఊఁ" అంది. "బాగా పాడుతున్నానా?" అన్నాడు దాలినాయుడు. అంతే, ఎడ్లు ఒక్క కుమ్ము కుమ్మితే పోయి బెల్లం దిమ్మల మీద పడ్డాడు.

మార్కెట్ వాళ్ళు ఇద్దర్నీ ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గర దింపారు. నోరు కట్టుకోవడమంటే ఏది పడితే అది తినకపోవడమనీ, గంటలంటే గడియారం గంటలనీ, కనబడనివి తొడుగులేననీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "అలా విడమర్చి చెప్పాలమ్మా. మేం కాబట్టి సరిపోయింది, తెలివి తక్కువ వాళ్ళయితే ఏమైపోయేవారు!" అన్నాడు దాలినాయుడు.

ఏడాదిన్నర గడిచింది. తీగ గుచ్చుకుని హైమ బుగ్గ లోపలంతా పుళ్ళు. "నీకేం నాన్నా, తీసి పక్కన పెట్టి జంతికలు నములుతావు. నాకు మెతుకు కూడా ఇరుక్కుంటోంది" అని ఏడ్చేది. "నీకేం తల్లీ, నీ మాట నీకుంది. నన్ను తరుకు నాయుడంటున్నారు" అనేవాడు తండ్రి. ఎవరి కష్టం పెద్దదో చెప్పమంటే, "నాదే. ఇద్దరి మూలుగూ వినేది నేనే కదా" అనేది నూకరత్నం.

ఆఖరికి తీగలు విప్పేసిన రోజు ముగ్గురూ వెళ్ళారు. అద్దంలో పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. హైమ నవ్వబోయి, తీగలున్నప్పటి అలవాటు కొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ ఆ చెయ్యి మెల్లగా దించి, "ఇక చెయ్యి అడ్డం పెట్టకూడదమ్మా, ఎప్పుడూ, ఎక్కడా" అంది. హైమ నోరారా నవ్వింది. ఆ నవ్వు చూసి నూకరత్నం ఏడ్చేసింది. రేపే స్టూడియోకి వెళ్ళాలనుకుంది హైమ.

బయటికొచ్చి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. బస్సు రానే వచ్చింది. దాలినాయుడు చెయ్యి అడ్డం పెట్టబోతే హైమ గబుక్కున లాగేసింది. "నాన్నా! ఎప్పుడూ, ఎక్కడా వద్దంది కదా!"

"నిజమే సుమా!" అని ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది. రెండోదీ, మూడోదీ అంతే. ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చిన ప్రతి బస్సుకీ పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. నాలుగో బస్సు డ్రైవరు వాళ్ళని చూసి తనూ నవ్వి, చెయ్యూపి మరీ వెళ్ళిపోయాడు.

"పాపం, అతనికి పళ్ళింకా కుదిరినట్టు లేదు, చెయ్యి వాడుతున్నాడు" అని జాలిపడి, హైమ నర్సాపాలెం వైపు నడక మొదలెట్టింది.