చిలకకు కషాయం

అనగనగా ఒక రాజుగారు. ఆయన పేరు మరిచిపోయాను. బడి మొహం చూడనివాడు కథ చెబితే ఇంతే, సర్దుకోండి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాల అవతల దీవికి షికారు వెళ్ళాడు. కొత్తవాళ్ళెవరొచ్చినా తన ప్రాణానికి ముప్పేనని అక్కడి మాంత్రికుడు అతన్ని రాయిని చేశాడు. వెతకబోయిన రెండోవాణ్ణీ రాయిని చేశాడు. మూడోవాడు సిరినాగుడు బయలుదేరాడు.

నది ఒడ్డున బౌద్ధారామం. భిక్షువుల బోధ రోజూ విని విని పండిపోయిన తాబేలొకటి ఆ నదిలో ఉండేది.

"తాతా, సముద్రాలు దాటించవూ?"

"దాటిస్తా. ముందు పంచశీలాలు చెప్పు."

అన్నల మీద బెంగతో సిరినాగుడు గడగడా అప్పజెప్పేశాడు. ప్రాణం తీయను, దొంగిలించను, తప్పుదారి తొక్కను, అబద్ధమాడను, కల్లు ముట్టను.

తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. దీవిలో రెండు రాళ్ళ పక్కన బంగారు పంజరంలో చిలక, దాని ముందు మాంత్రికుడి కూతురు చందసిరి.

"నాన్న చిలకకు జామపళ్ళు తేబోయాడు. ఆయన ప్రాణం ఇందులోనే దాచుకున్నాడు. ఆయన గొంతు గరగరలాడితే ఇది దగ్గుతుంది, దీనికే కషాయం పోస్తాడు! పిల్లి అరిస్తే నిద్రపోడు. చావకూడదని దాచి, రోజూ చస్తున్నాడు. పోలిక చూస్తే ఈ రాళ్ళు నీ అన్నలే, విడిపించుకో బాబూ, కానీ మా నాన్నను నాకు మిగుల్చు."

సిరినాగుడు వినిపించుకోలేదు. చటుక్కున చిలక మెడ పట్టుకున్నాడు. ఒడ్డున తాబేలు గొంతు సవరించుకుంది.

"ప్రాణం తీయనన్నావు."

"మా అన్నలు రాళ్ళయ్యారు తాతా!"

"దుఃఖం ఉంది, కాదన్నానా? దానికి కారణం?"

"ఆ మాంత్రికుడి భయం."

"భయానికి?"

సిరినాగుడు చేతిలో వణికే చిలకను చూశాడు. "ప్రాణం మీద తీపి. పట్టుకుని వదలకపోవడం."

"వదిలితే?"

"దుఃఖం పోతుంది."

"మరి దారి?"

సిరినాగుడు పిడికిలి విప్పాడు.

అప్పుడే వచ్చిన మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. చిలక ఎగిరి తిన్నగా ఆయన గుండె మీద వాలింది. ప్రాణం సొంత గూటికి చేరింది. మాంత్రికుడు, పాపం, మొదటిసారి తన దగ్గు తనే దగ్గాడు.

"ఇక నేనూ చస్తానా?"

"అందరిలాగే, మావయ్యా," అనేసి సిరినాగుడు నాలుక కరుచుకున్నాడు. చందసిరి తల తిప్పుకుని నవ్వింది.

మాంత్రికుడు అక్కడే పడి హాయిగా నిద్రపోయాడు. లేచాక రాళ్ళను మనుషుల్ని చేసి, సిరినాగుడి రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. "ఇన్నాళ్ళకు నిద్రపట్టింది నాయనా," అన్నాడు.

పెళ్ళయింది. తాబేలుకు ముందు వరసలో పీట వేశారు. తాను ఏలాల్సిన రాజ్యాన్ని పెద్దన్న తనను మళ్ళీ మనిషిని చేయించిన చిన్న తమ్ముడికే కట్టబెట్టాడు. సిరినాగుడు, చందసిరి చల్లగా చాలాకాలం ఏలారు. ఆరామంలో చేరిన మాంత్రికుడు పొద్దున్నే భిక్షాపాత్రతో వాళ్ళ వాకిట మౌనంగా నిలబడేవాడు. చందసిరి అన్నం పెట్టేది. దగ్గినరోజు కషాయం కూడా.

చిలక మాత్రం దూరంగా చెట్టు మీద కూర్చునేది. ఆ వాసనంటే దానికింకా భయమే.