వంకరవేలు కోడి

దస్తగిరికి మనసులో ఒక ముల్లు ఉండేది. కొండ కింద ఫకీర్లుండే తకియాలో మస్తాన్ తాతకు శిష్యుడిగా చేరి రెండేళ్ళయింది. ఆ ముసలి ఫకీరు ఇంతవరకు ఒక్క పాఠం చెప్పలేదు. జపం నేర్పమని అడిగితే చేరిన రోజునే పెరటివైపు చెయ్యి చూపాడు.

"కోళ్ళను చూసుకో నాయనా."

అంతే.

ఆ పెరట్లో నలభై కోళ్ళున్నాయి. అన్నీ మొక్కుకోళ్ళు. బిడ్డకు జబ్బు చేస్తే తల్లులు ఇంట్లో కోడిని తెచ్చి అక్కడ వదిలి వెళతారు. ఆ కోడిని కొయ్యకూడదు. ఆయుష్షు ఉన్నన్నాళ్ళూ అది అక్కడే తిరగాలి. తాతకు ముందు అక్కడున్న ఫకీరు పెట్టిన కట్టడి అది.

దస్తగిరి అంతకుముందు పదేళ్ళు సంతల్లో కోళ్ళ బేరం చేశాడు. కోడిని చేతిలోకి తీసుకుంటే చాలు, జాతి చెప్పేవాడు. జుట్టు కురచగా, నెత్తికి అంటుకుని ఉంటే అసీలు. రంపం పళ్ళలా లేచి నిలబడితే వేరే రక్తం. మెడ మీద ఈకలు లేనిది ఒక తెగ, నాలుక దాకా నల్లనిది ఇంకో తెగ. ఆ తర్వాత కాళ్ళు చూసేవాడు. పొలుసుల రంగు, వేళ్ళ లెక్క, గోళ్ళ తీరు. తకియాకు వచ్చినవాళ్ళు ఆ విద్య చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. పాఠం లేకపోయినా, దస్తగిరికి అదొక ఊరట.

ఆర్నెల్ల కిందట పెరటికి అడ్డంగా వెదురు తడిక కట్టాడు. ఇటువైపు మేలుజాతివి. అటువైపు ఏ జాతికీ చెందని సంకరం. తాత వచ్చి తడికను చూశాడు. ఒక పెట్ట తడిక కింద నుంచి ఇటు దూరాలని తన్నుకుంటోంది. తాత వంగి, కాస్త మట్టి తీసి, దానికి దారి చేసి వెళ్ళిపోయాడు. మర్నాడు దస్తగిరి ఆ సందు పూడ్చాడు. వారం తిరిగేసరికి మళ్ళీ సందు ఉంది.

ఎండలు ముదరకముందు ఒక పొద్దున బాలక్క అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు సుంకి. ఏడేళ్ళుంటాయి. పోయిన ఏడాది నలభై రోజులు జ్వరంతో మంచం పట్టి లేచింది. చేతిలో చిన్న గుడ్డమూట ఉంది. తల్లి చెప్పులు విడిచేలోపే పిల్ల పెరట్లోకి వచ్చేసింది.

"నా చుక్క యాడుంది?" అంది దస్తగిరితో.

"ఏం చుక్క?"

"నా కోడి. జొరం వచ్చినప్పుడు మాయమ్మ ఈడ ఇడిచిపెట్టింది. చూసిపోదామని వచ్చినా."

"నలభై ఉన్నాయి తల్లీ. గుర్తులు చెప్పు. జుట్టు ఎట్లుంటాది?"

"మాయమ్మ తల దువ్వుకోకుంటే ఉంటాది సూడు, అట్ల."

"నోరు మూసుకోవే," అని బాలక్క నవ్వి, చేత్తో జుట్టు సవరించుకుంది.

"సరే. కాళ్ళు?"

"రెండు."

"అది కాదమ్మా. రంగు, పొలుసులు..."

పిల్ల ఆలోచించింది. "ఎడమకాలి నడిమి వేలు పక్క వేలి మీదికెక్కి కూచోనుంటాది. అందుకే నడిస్తే ఒక పక్కకు ఒరుగుతాది. నేను లేచేదానికి కానప్పుడు నా మంచం కాడే తిరుగుతా ఉండె."

దస్తగిరి చేతిలోని గింజల చేట కదలడం ఆగిపోయింది.

పోయిన నెల తకియాలో పీరు పేరిట ఊరందరికీ పెట్టే కందూరు విందు. వేరే కొని తెచ్చిన కోళ్ళు ఆరు తక్కువ పడ్డాయి. తాత ఊళ్ళో లేడు. దస్తగిరి తడిక అవతలికి పోయి ఆరింటిని పట్టాడు. మొట్టమొదట పట్టింది వంకర వేలున్న పెట్టను. జాతి లేదు, పైగా కాలికి అవలక్షణం. రెండో ఆలోచన లేకుండా పట్టాడు. ఆ రాత్రి తిరిగివచ్చిన తాత కూర ముట్టలేదు. మజ్జిగన్నం తిని పడుకున్నాడు. కడుపులో బాగాలేదేమో అనుకున్నాడు దస్తగిరి.

అతను తడిక ఇవతలికి నడిచి, పెరట్లోకెల్లా మంచి అసీలు పెట్టను తెచ్చాడు. "ఇది తీసుకో. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల లేదు."

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇది చుక్క కాదు."

"చుక్క కంటే మంచిది."

"దేనికి మంచిది?"

ఆ ప్రశ్నకు సంతలో అతని దగ్గర పది జవాబులుండేవి. ఇప్పుడు పెట్టను మెల్లగా కిందికి దించేశాడు.

తాత అరుగు మీద కూర్చుని కోళ్ళగంప అల్లుతున్నాడు. దస్తగిరి పోయి వంగి గుసగుసగా అన్నాడు. "తాతా, ఆ కోడి కందూరులో పోయింది. పసిబిడ్డ. నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపు."

తాత అల్లిక ఆపాడు. పిల్లను పిలిచాడు. "ఆ మూటలో ఏముంది బంగారూ?"

"కొర్రలు. చుక్కకు ఇష్టం."

తాత మూట అందుకుని ముడి విప్పాడు. దస్తగిరి చెయ్యి పట్టుకుని, వేళ్ళు తెరిచి, ఒక్క గింజ కింద పడకుండా కొర్రలన్నీ అందులో పోశాడు.

"ఎవరికి తెచ్చిందో వాళ్ళకు పెట్టి రా," అని మళ్ళీ గంప అందుకున్నాడు.

దస్తగిరి పెరటి మధ్య దాకా నడిచాడు. పిల్ల వెంట వచ్చింది. నలభై కోళ్ళలో అటు చూశాడు, ఇటు చూశాడు. చేతిలో గింజలు అట్లాగే ఉన్నాయి. చివరికి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీ కోడి లేదమ్మా. నేనే పట్టిచ్చినా. కందూరులో వండినారు."



"నువ్వూ తిన్నావా?"

"తిన్నా."

పిల్ల అతని కడుపువైపు చాలాసేపు చూసింది.

వెనక నుంచి బాలక్క గబగబా ముందుకొచ్చింది. "మొక్కుకోడి గదయ్యా అది! దాన్ని కోస్తే... నా బిడ్డకేమన్నా..."

"నీ మొక్కు ఎప్పుడో చేరింది బాలక్కా," అన్నాడు తాత అరుగు మీద నుంచి. "బిడ్డకేమీ కాదు. ఇది వీని సంగతి."

సుంకి ఇంకా దస్తగిరినే చూస్తోంది. "గుడ్లన్నా పెట్టిందా?"

అతను తలెత్తాడు. పెట్టింది. ఆ గుడ్లను మిగతావాటితో కలిపి ఇంకో అసీలు పెట్ట కింద పొదగేశాడు. ఏ గుడ్డు ఎవరిదో రాసుకోలేదు. ఇప్పుడు ఆ పెట్ట వెంట ఇరవై కోడిపిల్లలు తిరుగుతున్నాయి.

గింజలున్న పిడికిలి బిగించి, రెండో చేత్తో కోడిపిల్లల్ని ఒక్కొక్కటే పట్టుకోసాగాడు. జుట్లు ఇంకా తేలలేదు. ఈకల రంగు రేపు మారిపోతుంది. ఇక కాళ్ళే దిక్కు. అతను వేల కాళ్ళు చూసినవాడు. వేలు వంకరగా కనిపిస్తే ఆ కోడిని పక్కకు తోసేసినవాడు. ఇప్పుడు ఒకటి తిప్పి చూశాడు, వేళ్ళు తిన్నగా ఉన్నాయి. ఇంకొకటి, తిన్నగా. తొమ్మిది అయ్యాయి. పద్నాలుగు అయ్యాయి. అన్నీ ఏ వంకా లేని చక్కటి కాళ్ళు.

"యా మౌలా, ఒక్క వంకర వేలు," అని లోలోపల దేవుణ్ణి వేడుకున్నాడు. "ఒక్క వంకర వేలు. యా మౌలా, ఒక్కటే."

పెదవులు జపంలా పైకే కదులుతున్న సంగతి అతను గమనించలేదు. అరుగు మీద తాత చేతులు మాత్రం ఒక క్షణం ఆగాయి.

పదిహేడోది పెట్ట రెక్క కింద దాక్కుని ఉంది. సగం ఈకలు, సగం నూగు. చూడ్డానికి ఏ సొంపూ లేదు. తీసి తిప్పాడు. ఎడమకాలి నడిమి వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుని ఉంది.

దాన్ని తెచ్చి సుంకి ముందు దించాడు. అది ఒక పక్కకు ఒరుగుతూ నాలుగడుగులు వేసింది. సుంకి నేల మీద చతికిలబడింది. దస్తగిరి పిడికిలి పట్టుకుని తనే వేళ్ళు విప్పింది. కొర్రలు చెమటకు అరచేతికి అతుక్కుపోయాయి. కోడిపిల్ల వాటిని పొడుచుకుని తినసాగింది.

"నొప్పిగా ఉందా?"

"ఊఁ."

"చుక్క కూడా అట్లే పొడుస్తా ఉండె," అంది పిల్ల తృప్తిగా.

తీసుకుపొమ్మన్నాడు దస్తగిరి. పిల్ల తల అడ్డంగా ఊపింది. "చుక్క ఈడనే గదా ఉండింది. ఇదీ ఈడనే ఉండనీ. నేను మళ్ళా వస్తా." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "తినొద్దు."

వాళ్ళు వెళ్ళాక దస్తగిరి తడిక దగ్గరికి పోయాడు. గుంజలు పెరికాడు. కట్లు విప్పి, వెదురు బద్దలన్నీ చేతుల నిండా ఎత్తుకుని అరుగు దగ్గరికి వచ్చాడు.

తాత తలెత్తలేదు. "ఆ కోడిపిల్ల ఏ జాతి నాయనా?"

దస్తగిరి వెనక్కి చూశాడు. కోళ్ళన్నీ కలిసిపోయి తిరుగుతున్నాయి. వాటి మధ్య ఒకటి ఒరుగుతూ నడుస్తోంది.

"సుంకిది తాతా."

తాత ఒక బద్ద తీసి వంచి చూశాడు. బాగా ఆరింది. గంప చుట్టుకు పనికొస్తుంది. అరుగు మీద కొంచెం పక్కకు జరిగాడు.

"కూర్చో," అన్నాడు.