ఏదుపంది కొలిచిన దారి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, వాగు పక్కన, ఒక ఎర్రమట్టి గట్టు. ఆ గట్టు మీద పోలయ్య అనే ఏదుపంది ఉండేవాడు. మీలో ఎవరైనా ఏదుపందిని చూశారా? ఒళ్ళంతా ముళ్ళే. మామూలుగా ఉన్నప్పుడు ఆ ముళ్ళు వీపుకు అంటుకుని పడుకుని ఉంటాయి. భయమేస్తే చాలు, ఒక్కసారిగా నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు ఏదుపంది ఉన్నదానికి రెండింతలు కనిపిస్తుంది.

పోలయ్య మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు అతన్ని మరీ తిట్టుకుంటారేమోనని. గట్టు వాలులో సగం అతనిదే, తండ్రి ఇచ్చిపోయింది. పైన బొరియ ముందు పెద్ద వాకిలి ఉండేది. ఎండపూట అక్కడ కాళ్ళు చాపుకుని పడుకోవడమంటే అతనికి ప్రాణం.

ఒక వేసవిలో వాగు అవతల అడవి తగలబడిపోయింది. ఇల్లు పోయినవాళ్ళంతా ఇవతలి ఒడ్డుకు వచ్చారు. ముందు ముంగిస వచ్చి, "పోలయ్య బావా, కాస్త చోటిస్తే బొరియ తవ్వుకుంటాను" అంది. పోలయ్య సరేనన్నాడు. తర్వాత ఒంటినిండా పెంకులున్న అలుగు వచ్చి అదే అడిగింది. దానికీ సరేనన్నాడు.

ఇంటి జాగాను ముక్కలు చేసి పంచాలంటే ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. పంచాయతీ ఒప్పుకునేదాకా ఎవరూ గోరు పెట్టి తవ్వకూడదు. ప్రతి ముక్కకూ పైకి వెళ్ళే దారి వదలాలి. వాలు నేల కదా, అక్కడ దారంటే మట్టిని నిలువునా కోసి తీసిన సందే. ఆ సందు ఎంత వెడల్పు ఉండాలంటే, ఏదుపంది ముళ్ళన్నీ లేపుకుని నడిచినా రెండు పక్కలా గోడ తగలకూడదు. ఆ గట్టు మీద ఏదుపంది పోలయ్య ఒక్కడే. కాబట్టి కొలత కూడా అతనే.

పోలయ్య గోటితో నేల మీద గీతలు గీశాడు. రెండు ముక్కలు, మధ్యలో దారి. చక్కగా సరిపోయింది.

అప్పుడు బుల్లెమ్మ అనే కుందేలు వచ్చింది. వెనకాల ముగ్గురు పిల్లలు. కడగొట్టుది మరీ బుజ్జిది, తల్లి తోక వదలడం లేదు.

"అన్నా, ఏ మూలనైనా ఇంత చోటు చూపించు. పైగట్టంతా రాతినేల. అక్కడ తవ్వాలంటే నా గోళ్ళు అరిగిపోతాయి" అని బుల్లెమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

పోలయ్య గుండె కరిగిపోయింది. మూడో ముక్క ఎలా తీయాలి? తన వాకిట్లోంచి ఇచ్చి ఉంటే సరిపోయేది. కానీ ఆ వాకిలి అతని కంటికి ఆనలేదు. దారి మాత్రం ఆనింది. దారిని సగానికి కుదిస్తే కింద, వాగు వైపు, ఒక ముక్క వస్తుంది.

పోలయ్య దారి గీతలు దగ్గరకు జరిపి, ముళ్ళు పడుకోబెట్టుకుని వాటి మధ్య పొడవునా నడిచి చూశాడు. హాయిగా పట్టాడు. 'ఇక్కడంతా మనవాళ్ళే. ఈ దారిలో నేను ముళ్ళు లేపాల్సిన అవసరం ఏముంటుంది?' అనుకున్నాడు.

పంచాయతీ పెద్ద అప్పలస్వామి అనే ఉడుము. పోలయ్య వెళ్ళి కొలత అయిందని చెప్పాడు.

"నడిచి చూశావా?" అన్నాడు అప్పలస్వామి.

"చూశాను మామా."

"ముళ్ళు లేపుకునేనా?"

పోలయ్య వెనక్కి తిరిగి చూశాడు. తల్లితో వెంట వచ్చిన కుందేలు పిల్లలు అతని నోటివైపే చూస్తున్నాయి.

"లేపుకునే మామా" అన్నాడు.

అప్పలస్వామి గట్టు దిగి చూడలేదు. పోలయ్య మాట మీద నమ్మకం. సరేనన్నాడు.

బుల్లెమ్మ కంటతడి పెట్టుకుంది. "నువ్వు దేవుడివన్నా" అంది. ఆ మాట పోలయ్యకు చాలా బాగుంది. చాలా రోజులు దాన్నే తలచుకుని మురిసిపోయాడు. పాపం, దానం చేసింది తన వాకిలి కాదని, అందరి దారి అని అతనికి తట్టనే లేదు.

గీసిన గీతల ప్రకారమే బొరియలూ, సన్నటి సందూ తవ్వుకున్నారు. వానాకాలం వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం వాగు పొంగింది. నీళ్ళు కిందనుంచి గట్టెక్కడం మొదలుపెట్టాయి. ముంగిస చటుక్కున సందులోంచి పైకి వచ్చేసింది. అలుగు ఆయాసపడుతూ వచ్చింది. బుల్లెమ్మ రాలేదు.

పోలయ్య ఆగలేదు. ఆమెను తీసుకొద్దామని సందులోకి దిగాడు. సగం దూరం వెళ్ళేసరికి పక్కనే గట్టు విరిగి ధడాలున నీళ్ళలో పడింది. పోలయ్య అదిరిపడ్డాడు. ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి రెండు గోడల్లోకీ గుచ్చుకున్నాయి. ఇక ముందుకు లేదు, వెనక్కి లేదు.

ఎదురుగా బుల్లెమ్మ. ఇద్దరు పిల్లలు వీపు మీద, బుజ్జిది పక్కన. నీళ్ళు ఆమె కడుపు దాకా వచ్చాయి.

"అన్నా, ముళ్ళు దించు" అంది బుల్లెమ్మ.

పోలయ్య కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. దిగలేదు. ఊపిరి బిగబట్టాడు. దిగలేదు. తన వాకిట్లో ఎండలో పడుకున్నట్టు ఊహించుకున్నాడు. అయినా దిగలేదు. భయం పోతేగాని ముళ్ళు దిగవు. కళ్ళ ముందు ఆ పిల్లలుంటే భయం ఎలా పోతుంది?

పైనుంచి అప్పలస్వామి వచ్చి వెనక్కి లాగాడు. ముళ్ళు ఇంకా లోపలికి దిగబడ్డాయి. చివరికి అతను, ముంగిస కలిసి గోడలు తవ్వి పోలయ్యను బయటికి తీశారు. ఆ వెనకే బుల్లెమ్మ వచ్చింది. వీపు మీద ఇద్దరు పిల్లలున్నారు. పక్కన బుజ్జిది లేదు.

వాగు తగ్గిన తర్వాత అందరూ అక్కడే కూర్చున్నారు. అప్పలస్వామి అడిగాడు.

"ముళ్ళు లేపుకునే నడిచానన్నావు కదా పోలయ్యా?"

"అబద్ధం చెప్పాను మామా. పిల్లల మొహాలు చూసి చెప్పాను."

"దిగి చూడాల్సిన పని నాది. నీ మాట విని ఊరుకున్నాను. నాదీ తప్పే" అన్నాడు అప్పలస్వామి.

మర్నాడు బుల్లెమ్మ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని బయలుదేరింది. పోలయ్య అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"చెల్లీ, వెళ్ళకు. నా వాకిలంతా నీదే. దారి కూడా వెడల్పు చేసేస్తాను" అన్నాడు.

బుల్లెమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేదేమో.

"అన్నా, ఆరోజు నువ్వు చోటు లేదని చెప్పి ఉంటే ఏడుస్తూ వెళ్ళిపోయేదాన్ని. నిన్ను నాలుగు తిట్టుకునేదాన్ని కూడా. పైగట్టున రాళ్ళు తవ్వుకుని, గోళ్ళు పోగొట్టుకుని, ముగ్గురు పిల్లలతో బతికేదాన్ని" అంది.

అని వాలెక్కి వెళ్ళిపోయింది. పోలయ్య వాకిట్లో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అంత చోటూ ఖాళీగానే ఉంది.

నీతి: అందరి దారిని కోసి ఒకరికి చోటివ్వడం దయ కాదు. మంచి రోజున ఎక్కువనిపించిన నియమమే చెడ్డ రోజున ప్రాణం కాపాడుతుంది.