చింపిచెవి అవ్వ వెనక్కి వచ్చిందా?

రండి, రండి. ఇలా దగ్గరగా జరగండి. ఒరే, ఆ గోడ పక్కనున్నవాళ్ళు కూడా ఇటు రండి, నా గొంతు అంత దూరం పోదు. పలకలు పక్కన పెట్టండి. ఆ చాప కొంచెం ఇటు లాక్కోండి. ఆఁ, అందరూ కూర్చున్నారా? అయితే వినండి.

అనగనగా అంటే ఇప్పటి మాట కాదు, ఎప్పటిదో. ఒక కొండ కింద ఒక అడవి ఉండేది. ఆ అడవిలో జంతువులకు మాటలే కాదు, పుస్తకాలు కూడా ఉండేవి. తాటాకుల మీద రాసి, పైన ఒక చెక్క, కింద ఒక చెక్క పెట్టి, దారంతో కట్టిన పుస్తకాలు. కొన్నిటిలో మాయలూ మంత్రాలూ ఉండేవి. కొన్నిటిలో తాతల నాటి నుంచి చెప్పుకుంటూ వచ్చిన కథలు ఉండేవి. వాటన్నిటినీ ఒక రాతి గుహలో పెట్టి ఒక ముసలి తాబేలు కాపలా కాసేది. అడవిలో చిన్నా పెద్దా అందరూ తాబేలు తాత అనే పిలిచేవాళ్ళు.

వానలు తగ్గి, ఆకాశం తోమిన పళ్ళెంలా మెరిసే రోజులుంటాయి చూడండి, మీకు దసరా సెలవులు ఇచ్చే రోజులు. ఆ శరత్కాలంలో ఒకనాడు ఎలుగు మామ వచ్చి గుహకు అడ్డంగా ఉన్న బండను పక్కకు తోసేవాడు. పుస్తకాలన్నీ బయటికి తెచ్చి ఎండలో పరిచేవాళ్ళు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో పుస్తకం ఎంచుకుని తీసుకుపోయేవాళ్ళు. చలికాలమంతా అదే చదువుకునేవాళ్ళు.

దానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. పుస్తకం ఎంచుకున్నవాళ్ళు మొదటి ఆకు అందరి ముందూ పైకి చదవాలి. తీసుకుపోయాక నెలనెలా ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసి, పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఎవరూ తీసుకోని పుస్తకాలు మళ్ళీ గుహలోకి పోయేవి. బండ మూసేసేవాళ్ళు. ఇంక మరుసటి శరత్తు దాకా తెరిచేది లేదు, లోపలి ఆకులకు నూనె రాసేదీ లేదు.

ఆ అడవిలో చెంగయ్య అనే కుందేలు ఉండేవాడు. అతనికి భార్య, ముగ్గురు పిల్లలు, అతన్ని పెంచి పెద్దచేసిన మల్లవ్వ అనే అవ్వ ఉండేవాళ్ళు. వాళ్ళ బొరియలో అంతవరకు ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. ఆ ఏడు వానాకాలమంతా చెంగయ్య తాబేలు తాత దగ్గర కూర్చుని, ఇసుకలో దిద్ది దిద్ది చదువు నేర్చుకున్నాడు.

గుహ తెరిచే రోజు దగ్గరపడింది. మల్లవ్వ పిలిచింది.

"ఒరే చెంగా, ఈసారి మనమూ పుస్తకం తెచ్చుకోవచ్చు కదరా?"

"తెస్తానవ్వా. నీకేం కావాలో చెప్పు."

"చింపిచెవి అవ్వ కథ తేరా. మన కుందేళ్ళ కథే అది. అడవి అంటుకుంటుంది. చింపిచెవి అవ్వ పిల్లలందరినీ వాగు దాటిస్తుంది. తీరా చూసుకుంటే ఒక పిల్ల కనపడదు. వెంటనే వెనక్కి తిరిగి మంటల్లోకి ఉరుకుతుంది."

"ఉరికి?"

"ఏమోరా, నాకు తెలియదు!" అంది మల్లవ్వ నవ్వుతూ. "నా చిన్నప్పుడు పక్క పొదలో ముళ్ళపంది పంతులు చదివేవాడు. మా అమ్మ ఒళ్ళో పడుకుని వినేదాన్ని. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నిద్ర పట్టేసేది. పొద్దున లేచి అడిగితే, 'ఈసారి మెలకువగా ఉండి విను' అనేది అమ్మ. ఆ అమ్మా పోయింది, ఆ పంతులూ పోయాడు. ఇప్పుడు నా చెవులు కూడా మందగిస్తున్నాయి. వినపడుతుండగానే ఒక్కసారి ఆ ఆఖరు వినాలని ఉందిరా నాయనా."

"అదెంత పనవ్వా! తెచ్చి పెడతాను," అన్నాడు చెంగయ్య.

ఆ రోజు రానే వచ్చింది. గుహ ముందు ఎండ కాస్తోంది. చెక్కల మీద ఎర్రరంగు వేసినవి, పచ్చరంగు వేసినవి, పువ్వులు చెక్కినవి, ఎన్నో పుస్తకాలు. చింపిచెవి అవ్వ కథ ఒక మూల కనపడింది. దాని చెక్కలకు రంగు లేదు, నగిషీ లేదు. అంచులు నల్లబడ్డాయి. చెంగయ్య దాన్ని తీసి చంకలో పెట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

ముందున్న నెమలి వెనక్కి తిరిగి చూసింది.

"ఏమయ్యా చెంగయ్యా, చదువు నేర్చిన తొలి ఏడే ఇలాంటిది తీసుకున్నావేం? నలుగురిలో చదవాల్సింది కదా. కాస్త కళ ఉండొద్దూ?"

చెంగయ్య పుస్తకాన్ని వీపు వెనక్కి జరుపుకున్నాడు.

వెనక నుంచి నక్క తొంగి చూశాడు.

"ఏం బావా, వీపు వెనక ఏంటది? పొయ్యిలోకి చెక్కముక్కలు ఏరుకొచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. చెంగయ్య చెవులు రెండూ వేడెక్కాయి. అయినా పుస్తకం వదల్లేదు.

మూడోసారి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అతని వంతు దగ్గరపడుతుంటే మెల్లగా దారం వదులు చేసి మొదటి ఆకు చూసుకున్నాడు. అందులో ఇలా ఉంది.

'మా పల్లేరు దిబ్బ దగ్గర ఒక కుందేలమ్మ ఉండేది. ఆమెకు ఒక చెవి చిరిగిపోయి ఉండేది. చిన్నప్పుడు ముళ్ళకంపలో దూరింది, చిరిగింది. అంతే, అందులో పెద్ద వింతేం లేదు.'

చెంగయ్య చటుక్కున చెక్క మూసేశాడు. అచ్చం తమ బొరియలో మాట్లాడుకునే మాటలే! ఇవి అందరి ముందూ పైకి చదవాలా? ఎవరూ నవ్వకముందే అందరి నవ్వూ అతని చెవుల్లో వినపడింది. 'అవ్వకు కథే కదా కావాలి. ఏ కథైతేనేం,' అనుకున్నాడు. గబగబా వెళ్ళి దాన్ని మూలన పెట్టేసి, ఎర్రరంగు చెక్కల పుస్తకం ఒకటి తీసుకొచ్చాడు. దాని పేరు గాజుకోట గంధర్వుడు.

అతని వంతు వచ్చింది. గొంతు సవరించుకుని చదివాడు.

"ఏడు కడలుల నడుమ, ఏ ఆధారమూ లేక గాలిలో తేలియాడే గాజుకోటలో, పగలు చిలుకగానూ రేయి వీరుడుగానూ మారే గంధర్వుడొకడు వసించుచుండెను..."

"ఆహా!" అంది నెమలి.

"బావ గొంతు ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదే!" అన్నాడు నక్క.

తాబేలు తాత ఒక్కడే మెచ్చుకోలేదు. "మల్లవ్వ అడిగింది ఇదేనా నాయనా?" అన్నాడు.

"ఇది కూడా వింటుంది తాతా," అన్నాడు చెంగయ్య, నేల చూపులు చూస్తూ.

సాయంత్రమైంది. మిగిలిన పుస్తకాలు లోపలికి పోతున్నాయి. తాబేలు తాత నల్ల అంచుల పుస్తకాన్ని పైకెత్తి అడిగాడు.

"ఇది తీసుకునేవాళ్ళు ఉన్నారా?" ఎవరూ పలకలేదు.

"ఉన్నారా?" ఎవరూ పలకలేదు.

"ఆఖరుసారి అడుగుతున్నాను, ఉన్నారా?"

చెంగయ్య ఎర్ర పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. అతనూ పలకలేదు. ఎలుగు మామ బండ మూసేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి మల్లవ్వ బొరియంతా ఊడ్చి, గడ్డి పరిచి, దీపం పెట్టి కూర్చుని ఉంది. చెంగయ్య చదవడం మొదలుపెట్టాడు. రెండు మాటలు వినేసరికి మల్లవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"ఇది వేరే కథలా ఉందేంరా?"

"అది దొరకలేదవ్వా," అన్నాడు చెంగయ్య. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో అతనికే ఆశ్చర్యమేసింది.

మల్లవ్వ ముఖం చిన్నబోయింది. అంతలోనే సర్దుకుంది. "ఎవరో తీసుకుపోయి ఉంటారులే. పోనీ, మంచిదే. ఎవరింట్లోనో పిల్లలు వింటుంటారు. నువ్వు చదువు."

గాజుకోట కథ చెడ్డదని నేను అనడం లేదు పిల్లలూ. చాలా మంచి కథ. చెంగయ్య పిల్లలైతే గంధర్వుడిలా గెంతుతూ బొరియంతా దుమ్ము లేపారు. మల్లవ్వ కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా వినేది. కథ అయిపోయాక మాత్రం, "ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో కనుక్కోరా, ఒకసారి పోయి విని వద్దాం," అనేది. "అలాగేనవ్వా," అనేవాడు చెంగయ్య. ఎర్ర పుస్తకానికి నూనె రాసేటప్పుడల్లా చీకటి గుహలో ఉన్న రెండో పుస్తకం గుర్తొచ్చి అతని చెయ్యి ఆగిపోయేది.

చివరికి ఉండబట్టలేక తాబేలు తాత దగ్గరికి పరుగెత్తాడు.

"తాతా, ఒక్కసారి బండ తీయించవూ?"

"ఇప్పుడు తీస్తే లోపలికి మంచు చేరుతుంది నాయనా. అన్ని పుస్తకాలూ పాడవుతాయి. వచ్చే శరత్తుకు మొదటి వంతు నీకే ఇస్తాను, సరేనా?"

చలి పోయింది. ఎండలు పోయాయి. వానలు వచ్చాయి. ఆ ఏడు వానలంటే మామూలు వానలు కావు. కొండ మీది నీరు గుహ గోడల వెంట కారింది. మల్లవ్వ చెవులు ఇంకా మందగించాయి. దగ్గరికి పోయి గట్టిగా చెబితే తప్ప వినపడేది కాదు.

మళ్ళీ శరత్తు వచ్చింది. తెల్లవారకముందే చెంగయ్య గుహ ముందు నిలబడ్డాడు. ఈసారి ఎవరు నవ్వినా సరే, గొంతెత్తి చదవాలనుకున్నాడు. బండ కదిలింది. లోపలికి ఉరికాడు. మూలన నల్ల అంచుల పుస్తకం అలాగే ఉంది.

ఎత్తబోయాడు. రెండు చెక్కల మధ్య నుంచి మట్టి రాలింది. నూనె లేని ఆకులను చెదలు తినేశాయి. పై ఆకు ఒక్కటే మిగిలింది.

"తాతా, దీని ఆఖరు నీకు గుర్తుందా?" అన్నాడు చెంగయ్య.

తాబేలు తాత చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఎన్నో కథలు చదివాను నాయనా. అన్నీ కలగాపులగమైపోయాయి. తెలియనిది తెలుసని చెప్పలేను."

చెంగయ్య ఆ ఒక్క ఆకునే అందరి ముందూ చదివాడు. పల్లేరు దిబ్బ, కుందేలమ్మ, చిరిగిన చెవి. నెమలి నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. నక్క ముందుకు జరిగి కూర్చున్నాడు.

"భలే ఉంది బావా! అచ్చం మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది. తర్వాత?"

తర్వాత ఏముంది? చెంగయ్య ఆ ఆకు పట్టుకుని ఇంటికి నడిచాడు.

మల్లవ్వ ఎదురొచ్చింది. చెంగయ్య తల వంచుకుని, "అవ్వా, పోయినేడు అది దొరికింది. నేనే వదిలేశాను," అన్నాడు.

"ఏంటిరా?" అంది మల్లవ్వ.

కొంచెం పెద్దగా చెప్పాడు. ఆమెకు వినపడలేదు. నోరు ఆమె చెవికి ఆనించి అరిచాడు. "పోయినేడు దొరికిందవ్వా! అందరూ నవ్వుతారని నేనే వదిలేశాను! ఇప్పుడు చెదలు తినేశాయి!"

నలుగురూ ఏమనుకుంటారోనని భయపడి చేసిన పని, చుట్టుపక్కల పొదలన్నీ వినేలా అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది.

మల్లవ్వ అతని చేతిలోని ఆకును తడిమింది. ఆమె కళ్ళు చూసి చెంగయ్య తట్టుకోలేకపోయాడు. మళ్ళీ ఆమె చెవిలో అన్నాడు. "చింపిచెవి అవ్వ వచ్చేసిందవ్వా! పిల్లను తీసుకుని క్షేమంగా వచ్చేసింది!"

మల్లవ్వ ముఖం వెలిగింది. "పుస్తకంలో ఉందా? నువ్వే చెబుతున్నావా?"

చెంగయ్యకు పోయినేడు చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. ఇంకొకటి చెప్పడానికి నోరు రాలేదు.

"నేనే చెబుతున్నానవ్వా."

"అలాగా," అంది మల్లవ్వ. అతని తల నిమిరింది. "పోనీలే నాయనా. నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చెంగయ్యకు. ఆమె మెల్లగా లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంతలో అతని చిన్న పిల్ల వచ్చి కాలు పట్టుకుని లాగింది.

"నాన్నా, నాన్నా, చింపిచెవి అవ్వ వెనక్కి వచ్చిందా?"

గాజుకోట కథ మొదటి నుంచి చివరి దాకా చూడకుండా చెప్పగల చెంగయ్య, దానికి జవాబు చెప్పలేకపోయాడు.

అంతే పిల్లలూ. నన్ను అడగకండి, నాకూ తెలియదు. పొద్దు వాలిపోతోంది, మీ అమ్మలు అన్నం వండి ఎదురుచూస్తుంటారు. లేవండి, చాప మడిచి పెట్టి ఇళ్ళకు పదండి. వేడివేడిగా కడుపునిండా తినండి. తింటూ తింటూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఏ కథ వినాలని ఉందో ఒక్కసారి అడగండి.

నీతి: పుస్తకం ఎంచుకునేటప్పుడు ఎవరు మెచ్చుకుంటారో చూడకూడదు, ఎవరు వినాలని ఎదురుచూస్తున్నారో చూడాలి.