పొయ్యిలో పడ్డ ఎత్తు

ఆ ఊళ్లో వడ్రంగులు చదరంగం ఆడే మరబొమ్మలు చేసేవారు. ఏడాదికోసారి రాజుగారి కొలువులో వాటికి పోటీ. మొదట్లో ఒకరి బొమ్మ దూకుడుది, ఇంకొకరిది పిరికిది. ఆట చూస్తే చాలు, చేసినవాడెవడో పసిపిల్లలు కూడా చెప్పేసేవారు.

తర్వాత ఒక ఆచారం వచ్చింది. గెలిచిన బొమ్మ పొట్ట విప్పి, ఎత్తులు వేయించే చక్రాల్ని సంతలో అందరికీ చూపాలి. మంచి ఆచారమే, కాదనను. కానీ తెల్లారేసరికి ఊరంతా ఆ చక్రాల్ని మక్కీకి మక్కీ చెక్కేసేది! ఎవరైనా కొత్త చక్రం చేస్తే పాత విజేత మీద ఆడించేవారు. ఒక్క ఆట ఓడిందా, పొయ్యిలోకే. బొమ్మలు ఏటేటా ఆటలో రాటుదేలాయి. ఇంకేముంది, అన్నీ ఒకే ఎత్తులు వేస్తుంటే గెలిచేదెవరు, ఓడేదెవరు?

రాజుకు ఆవులింతలొచ్చాయి. "ఈసారీ కొత్త ఎత్తు చూపకపోతే కొలువులో మీ బొమ్మలకు చోటు లేదు" అన్నాడు.

ఆ ఊరి పెద్ద వడ్రంగి ఈ మాట విన్నాడు. బొమ్మలు తప్ప వేరే బతుకు ఎరగడాయన. కాలుగాలిన పిల్లిలా కొట్టమంతా తిరిగాడు. చెక్కాడు, ఆడించాడు, ఓడితే పొయ్యిలో వేశాడు, మళ్లీ చెక్కాడు. పోటీనాడు చెక్కిన చక్రమూ ఓడింది. "దీన్నీ తగలెయ్యి" అని భార్య చేతికిచ్చి, పాత చక్రాలతోనే బొమ్మను చంకనేసుకుని పోయాడు.

కొలువులో ఆయన బొమ్మకు ఎదురుగా పొరుగూరి ఆవిడ తన బొమ్మను కూర్చోబెట్టింది. అది తన ఏనుగును ఊరికే చావనిచ్చింది. అందరూ గొల్లున నవ్వారు. వడ్రంగి నవ్వలేదు. పడుచుతనంలో తను చేసిన చక్రం ఒకటి అదే ఎత్తు వేసి ఓడింది. దాన్ని తన చేతులతోనే కాల్చాడు, పాపం. కాసేపటికి ఆయన బొమ్మకు ఆటకట్టయింది.

"దీనికెవరు నేర్పారమ్మా?" అన్నాడు రాజు.

"ఎవరూ నేర్పలేదు ప్రభూ. తనతో తనే ఆడుకుంది. తెగ ఓడింది. ఓడనిచ్చాను."

తక్కినవాళ్లు అప్పుడే ఉలులు పట్టుకుని ఆ బొమ్మ పొట్ట మీద పడ్డారు. పెద్ద వడ్రంగి మాత్రం తన బొమ్మను చంకనేసుకుని ఇంటికి పరుగెత్తాడు. వంటకని భార్య కాసేపటి కిందే రాజేసిన పొయ్యిలో చెయ్యిపెట్టి చక్రాన్ని లాగాడు.

"అయ్యో, చెయ్యి కాల్చుకున్నావు కదయ్యా! ఓడిపోయిన ముక్కేగా!" అంది భార్య.

"ఓడనీవే."

సగం కాలిన చక్రాన్ని బొమ్మలో బిగించి మర తిప్పాడు. బొమ్మ చెయ్యి ఏనుగు మీదికి పోయింది, ఆగింది. గుర్రం మీదికి పోయింది, మళ్లీ ఆగింది. బొబ్బలెక్కిన చెయ్యి ఊదుకుంటూ వడ్రంగి కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఏ ఎత్తు వేస్తుందో చేసినవాడికే తెలియలేదు.