వంకాయ రంగు సంచి

కోదండపాణి గారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ జవాబు పట్టుకుని తిరిగి రాలేదు. ఏదో ఒక పని పట్టుకుని వచ్చేవారు. తనకు కోపం ఎందుకు తగ్గడం లేదని అడిగిన ఒక ప్లీడరు గారికి ఆశ్రమం ఆవు పాలు పితికే పని అప్పజెప్పి, అది తన్నినప్పుడల్లా వచ్చి చెప్పమన్నారట. కాలవ గట్టున నాలుగు పాకలూ ఒక రేకుల షెడ్డూ ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో వేదాంతం కన్నా చాకిరీయే ఎక్కువని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టినవాళ్ళూ అదే అనేవారు గాని, కాస్త నవ్వుతూ అనేవారు.

ఆ రేకుల షెడ్డు వేయించింది హైమావతి. పక్క టౌనులో రైసుమిల్లు ఉన్న ఇంటి ఇల్లాలు. నెల తిరిగేసరికి ఆశ్రమానికి బియ్యం పంపేది. పిల్లల చదువుకని ఎవరు గుమ్మంలోకి వచ్చినా లేదనేది కాదు. ఇచ్చిన సంగతి చాటుకునే మనిషి కాదు, కాకపోతే మరిచిపోయే మనిషీ కాదు. ఒక ఉదయం గురువుగారు మొక్కలకు నీళ్ళు పోస్తుంటే దగ్గరికి వెళ్ళి, చాలాకాలంగా లోపల నలుగుతున్న మాట అడిగేసింది.

“ఇస్తూనే ఉన్నాను గురువుగారండీ. చేతనైనంతలో ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. అయినా మనసుకి తృప్తన్నది లేదేంటండీ?”

ఆయన చెంబు కింద పెట్టారు. “మీ బీరువాలో కట్టని చీరలున్నాయామ్మా?”

“ఉన్నాయండి. కట్టినవాటిలోనూ మంచివున్నాయి. అవీ తెస్తాను.”

“కట్టినవి వద్దు. మడత విప్పనివే తీసుకురా. ఆరాధన నాటికి ప్రసాదం సంచులు కావాలి. నువ్వే కుట్టు. నీ చేత్తోనే పంచుదువుగాని.”

ఇదేం జవాబని హైమావతి అడగలేదు. అక్కడ అలా అడిగే అలవాటు లేదు.

మన ఇళ్ళల్లో బీరువా అడుగు అర సంగతి వేరే చెప్పాలా! పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో బొట్టు పెట్టి చేతిలో పెట్టిన చీరలన్నిటినీ కళ్ళకద్దుకుని తెచ్చి అక్కడ పడేస్తాం. మళ్ళీ ఇంకో పెళ్ళి వస్తే అందులోంచే ఒకటి లాగి, ఇంకొకరికి బొట్టు పెట్టి ఇచ్చేస్తాం. ఊళ్ళన్నీ తిరుగుతాయి గాని ఒక్కరి ఒంటిమీదికీ ఎక్కవు. పెట్టుబడి చీరలని వాటికి పేరు కూడా పెట్టుకున్నాం. పైగా ఎవరు పెట్టింది తిరిగి వాళ్ళకే పెడతామోనని భయం ఒకటి. హైమావతికి ఆ భయం లేదు. ఏ చీర ఎవరు పెట్టిందో ఆవిడకి బాగా గుర్తు.

అందుకే ఆ వంకాయ రంగు నేత చీర చేతికి రాగానే పోల్చుకుంది. వాళ్ళ ఆడపడుచు బంగారమ్మ పెట్టిన చీర అది. ఆవిడది ఏటి అవతల సాలీల ఊరు. కాస్త కొబ్బరితోట మీద బతికే సంసారం. తమ్ముడి కొత్తింటికి వచ్చినప్పుడు మరదలికి బొట్టు పెట్టి, “ఎప్పుడో ఈ రంగు బాగుందన్నావు కదే. మా వీధిలో మగ్గం మీద చెప్పి నేయించాను” అంది. హైమావతి నవ్వి, కళ్ళకద్దుకుంది. ఆ రోజు వచ్చిన పట్టుచీరల మధ్య అది ముతగ్గా కనిపించింది. కట్టబుద్ధి కాలేదు. పోనీ ఇంకెవరికైనా పెడదామంటే, నా చేత్తో ఈ చీరా పెట్టేది అని నామోషీ. అలా అడుగు అరలో అట్టడుగుకి చేరింది.

కత్తెర పట్టుకున్నాక ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఇన్నాళ్ళకి ఇలాగైనా పనికొస్తోంది కదా అనుకుని సర్దుకుంది. సర్దుకోవడంలో ఆవిడ ఘటికురాలు.

కొత్త నేతబట్టని ఉతక్కుండా కోస్తే కుట్టాక ముడుచుకుపోతుంది. అంచేత ముందే నానబెట్టి, గంజంతా వదిలేదాకా ఉతికి, నీడన ఆరబెట్టింది. బట్ట మెత్తగా, చేతిలో ఒదిగిపోయేలా అయింది. అంచు మడిచి పట్టీలు కుట్టింది, కొంగు జరీ సంచికి ముందువైపు వచ్చేలా చూసుకుంది. నిజానికి ఇష్టంగానే కుట్టింది. మిగతా చీరల సంచులకన్నా ఇవే అందంగా కుదిరాయి.

ఆరాధన రోజున చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చారు. షెడ్డు గుమ్మం దగ్గర హైమావతి నిలబడి, అరటిపళ్ళూ లడ్డూ వేసిన సంచులు ఒక్కొక్కరి చేతిలో పెడుతోంది. చాలా రోజుల తర్వాత మనసు హాయిగా ఉంది. జవాబు ఇదే కాబోలు అని కూడా అనుకుంది. అంతలో వరసలో ఎదురుగా బంగారమ్మ.

“హైమా! నువ్విక్కడున్నావేంటే?” అంటూ ఆవిడ సంచి అందుకుంది. అందుకుని, దాన్ని చూసింది. “అమ్మాయ్, ఇది నీ కొత్తింటికి నేను పెట్టిన చీర కదే?”

హైమావతి అవునన్నట్టు తలాడించింది. బంగారమ్మ సంచి అంచుని వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నలుగురిలో నాలుగూ అంటుంది, పడాలి అని హైమావతి తల దించుకుంది.

“ఎంత మెత్తబడిపోయిందే! ఎన్ని ఉతుకులు ఉతికావో! పట్టుచీరలున్నదానివి, నా నేతచీర ఏం కడతావులే అనుకున్నాను. మీ అన్నయ్యతో కూడా అన్నానే ఆ మాట. అట్టపెట్టెలో పడేసుంటుందీ అని. తప్పు, తప్పు!” అని అందరి ముందూ లెంపలు వేసుకుంది. “లేనిపోనిది అనుకున్నాను. మనసులో పెట్టుకోకమ్మా.”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో, “మరదలంటే అలా ఉండాలి” అన్నారు.

“కుచ్చిళ్ళ దగ్గర చిరిగిందా?” అని అడిగింది బంగారమ్మ, ఆప్యాయంగా.

“అవునొదినా” అంది హైమావతి.

ఆ ఒక్క మాటా అన్నాక ఇంక ఆవిడకి అక్కడ నిలబడాలనిపించలేదు. కానీ వరస ఇంకా ఉంది. వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ ఇవ్వాలి. ఇచ్చింది. వంకాయ రంగు సంచి చేతిలోకి వచ్చినప్పుడల్లా ముఖం కాలిపోతున్నట్టుగా ఉంది. అవతల వేపచెట్టు కింద బంగారమ్మ తనతో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, సంచి ఒళ్ళో పరుచుకుని, చిరిగేదాకా కట్టిందట, చిరిగినా పారేయలేదట అని చెబుతోంది. సిగ్గు ఎన్ని రకాలో హైమావతికి అంతకుముందు తెలియదు. తిట్లు పడితే వచ్చే సిగ్గు ఒక పూటలో పోతుంది. తనని అనుమానించానని ఆవిడ లెంపలు వేసుకుంటే, ఆ సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జనం పలచబడ్డాక గురువుగారి దగ్గరికి వెళ్ళి నేల మీద కూలబడింది. ఒక్కటీ దాచకుండా చెప్పింది. ముతగ్గా ఉందనుకోవడం, ఇంకొకరికి ఇవ్వడానికి కూడా నామోషీ పడటం, ఇందాకటి అబద్ధం, అన్నీ చెప్పింది.

“ఇప్పుడే వెళ్ళి వదిన కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేస్తానండి.”

“ఎవరి కోసం?” అన్నారాయన.

లేవబోయినదల్లా ఆగిపోయింది. వేపచెట్టు వైపు చూసింది. బంగారమ్మ అరటిపళ్ళు ఒళ్ళోకి తీసేసి, ఖాళీ సంచిని జాగ్రత్తగా మడత పెట్టుకుంటోంది. దాన్ని కళ్ళకద్దుకుంది కూడా. హైమావతి మళ్ళీ కూలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని, “కట్టుకుందామన్నా లేదండీ” అంది. “అంతా కోసేశాను. ఆ చీర నా దగ్గర ఒక్క ముక్క కూడా మిగల్లేదు.”

గురువుగారు ఆవిడ వంకే చూస్తూ మెల్లగా అన్నారు:

“ఆ చీర నీకు అందిందే ఇవాళ కదమ్మా.”