యాభై ఎక్కడిది?

వరదాచార్యులు మాస్టారికి ఒక పాడు అలవాటుంది. ఎవరేం చెప్పినా "ఎవరు చూశారు?" అంటారు. బయట వాన పడుతోందన్నా అదే ప్రశ్న. చెప్పినవాడు నిలువునా తడిసి ఎదురుగా నిలబడ్డా సరే, అది అడిగిగానీ తువ్వాలు ఇవ్వరు. అందుకని ఈ కథకి ఆధారం ముందే చెప్పేస్తున్నాను: ఆ రోజు కారు వెనక సీట్లో నేనున్నాను.

మాస్టారు విజయనగరంలో సర్వే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత మా కొద్దిమందిని కూడగట్టి, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి గీసే పటంలోకి జిల్లా రోడ్లు ఎక్కించే పని పెట్టారు. అందులో ఎవరైనా గీయొచ్చు, ఎవరు గీసిందైనా ఎవరైనా దిద్దొచ్చు. ప్రతి రోడ్డుకీ అక్కడ ఎంత వేగం దాటకూడదో రాయడానికి ఒక గడి, ఆ అంకె ఎక్కడినుంచి తెచ్చామో రాయడానికి పక్కన ఇంకో గడి ఉంటాయి. మొదటిది అందరూ నింపుతారు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని తొందరా ముంచుకొస్తుంది.

త్రినాథ్‌కి మరీను. మాలో అతనంత చాకిరీ చేసినవాడు లేడు, అది ఒప్పుకోవాలి. జిల్లాలో సగం రోడ్లు అతని చేతి మీదుగా పటమెక్కినవే. అలాంటిది, చూపు మందగించిన మాస్టారు తన పనిని, అంటే ఎవరేం మార్చినా సరిచూసి ఖాయం చేసే పనిని, నిన్నగాక మొన్న వచ్చిన షాహీన్‌కి అప్పగిస్తానన్నారు. ఇక చూడండి మనవాడి కడుపుమంట! ఆమె పేరెత్తితే మొహం మాడిపోయేది. ఆమెను ఎవరైనా మెచ్చుకుంటే మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోయేవాడు. పొద్దున్న లేస్తూనే ఆమె కొత్తగా ఏం రాసిందో తెరిచి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తప్పులు ఏరేవాడు. తనకి దక్కని ఆ సరిచూసే పనేదో, పాపం, ఒక్క మనిషి మీద అప్పుడే మొదలెట్టేశాడు.

ఏరగా ఏరగా ఒకటి దొరికింది. ముషిడిపాలెం రోడ్డుకి త్రినాథ్ రాసిన యాభైని కొట్టేసి, షాహీన్ ముప్పై అని రాసింది. ఆ ఆదివారం మేమంతా మాస్టారింట్లో ఉండగా ఊడిపడ్డాడు. షాహీన్ అక్కడే ఉందన్న మొహమాటం కూడా లేదు.

"మాస్టారూ, నాలో ఏం తక్కువని ఆ పని ఈవిడకిచ్చారు? నా అంకెలు కొట్టేయడానికా? పటం పాడైపోతోందని నా బాధ గానీ, నాకేం కావాలి!"

"ఆ బాధకి ఆధారం?" అన్నారు మాస్టారు.

మేం నవ్వాం. షాహీన్ నవ్వలేదు. త్రినాథ్ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, ఈవిడది తప్పని తేలితే? అప్పుడేమంటారు?"

"కారు తియ్యి. చూసొద్దాం."

త్రినాథ్ నడిపాడు, మాస్టారు పక్కన కూర్చున్నారు, షాహీనూ నేనూ వెనక. అంత పొడుగు రోడ్డులో ఎక్కడ ఆగాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. షాహీన్ రెండో గడిలో శుభ్రంగా రాసి పెట్టింది: "ప్రాథమిక పాఠశాల గేటుకి ఎడమ పక్కన బోర్డు. ఆగస్టులో స్వయంగా చూశాను." తిన్నగా ఆ గేటు దగ్గరికే వెళ్ళాం.

గేటుకి తాళం వేసి ఉంది. ఎడమ పక్కన బోర్డూ ఉంది, రంగు మెరుస్తూ కొత్తది. దాని మీద యాభై.

త్రినాథ్ కారు ఆపీ ఆపకుండానే కిందికి దూకాడు. "యాభై! చూశారా మాస్టారూ? నేను చెప్పలే!" వాళ్ళమ్మాయి పుట్టిన రోజున కూడా అతని మొహంలో అంత వెలుగు చూళ్ళేదు నేను.

గేటు ముందు జామకాయలమ్మే ఆవిడ మా గోల విని, "బడి ఇక్కడేటుంది బాబూ? దసరా సెలవులకే పాలెంలోకి ఎత్తీసినారు. ఆ పాత బోర్డూ పీకేసినారు" అంది.

షాహీన్ మొహం చిన్నబోయింది. "నాదే తప్పు త్రినాథ్ గారూ. మళ్ళీ ఒకసారి వచ్చి చూసుకోవాల్సింది" అని, అక్కడే నిలబడి బోర్డుకి ఫొటో తీసి, ఫోన్‌లో ముప్పైని యాభై చేసింది. పక్క గడిలో బడి తరలిపోయిందనీ, కొత్త బోర్డు ఇవాళ చూశాననీ రాసింది. త్రినాథ్ చేతులు కట్టుకుని, ఆమె రాస్తున్నంతసేపూ కళ్ళారా చూశాడు.

మాస్టారు జామకాయలావిడ వైపు తిరిగారు. "ఆ పాత బోర్డు ఎప్పట్నుంచి ఉండేదమ్మా?"

"మా పెద్దోడు ఒకటో తరగతిలో జేరినప్పుడే ఎట్టినారు. ఇప్పుడాడు కాలేజీకెల్తన్నాడు."

"త్రినాథ్, నువ్వు యాభై అని రాసిందెప్పుడు?"

"మూడేళ్ళయింది మాస్టారూ," అన్నాడు గర్వంగా. అన్నాక ఆగాడు.

"అప్పుడిక్కడ బడీ ఉంది, ముప్పై బోర్డూ ఉంది. మరి నీ యాభై ఎక్కడిది?"

"ఊరి బయట రోడ్డు కదా మాస్టారూ. అంతే ఉంటుందనుకున్నాను. ఇటు రాలేదు." మూసిన గేటు వంక చూస్తూ గొంతు తగ్గించి, "అయినా ఇవాళ నాదే ఒప్పయింది కదా?" అని అడుక్కుంటున్నట్టే అడిగాడు. అప్పటిదాకా అతని మీద ఒళ్ళు మండుతున్న నాకు కూడా జాలేసింది.

"అయింది. కాదనను," అన్నారు మాస్టారు. కారు తలుపు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, కాళ్ళు లోపలికి తీసుకున్నారు.

"ఈ అమ్మాయి తప్పు చూద్దామని బయల్దేరి, తిన్నగా ఇక్కడికి రాగలిగాం. నీ ఒప్పు చూడాలంటే ఎటు వెళ్ళాలి నాయనా?"